ఆన్‌లైన్ డ్రాగ్ రేసింగ్ లీగ్ నడపడం ఎలా: గొడవల్లేకుండా ఒక సీజన్ పూర్తి చేయాలంటే

"అన్నా, మా పీజీలో పన్నెండు మందిమి డ్రాగ్ రేసింగ్ గేమ్ ఆడతాం. లీగ్ పెట్టుకుందాం అనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?" బెంగళూరులోని మారతహళ్లి నుంచి, బీటీఎం నుంచి, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇదే. డ్రాగ్ రేసింగ్ అంటే తిన్నగా ఉండే చిన్న ట్రాక్ మీద ఇద్దరిద్దరు పోటీపడే పరుగు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేటప్పుడు ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే అన్నీ ఇక్కడ రాసిపెడుతున్నాను.

మేం బెంగళూరులో మొదటి సీజన్ పెట్టినప్పుడు పద్నాలుగు మందిమి. మూడో వారానికే ఆగిపోయింది. ఒక రేసులో ఇద్దరి ఫోన్లలోనూ "మీరే గెలిచారు" అని వచ్చింది. ఎవరి దగ్గరా రికార్డింగ్ లేదు, రాసుకున్న రూల్ లేదు. గదిలో అరగంట అరుచుకున్నాక ఇద్దరూ గ్రూప్ వదిలేసి వెళ్లిపోయారు, వాళ్ల వెనకే ఇంకో ముగ్గురు. రెండో సీజన్‌కి రూల్స్ ముందే రాసుకున్నాం, ప్రతి రేసుకీ రికార్డింగ్ తప్పనిసరి చేశాం. ఆ సీజన్ చివరిదాకా నడిచింది. కింద చెప్పేవన్నీ ఆ రెండు సీజన్లలో నేర్చుకున్నవే.

కావాల్సినవి

- ఎనిమిది నుంచి పదహారు మంది ఆటగాళ్లు. ఎనిమిది కంటే తగ్గితే ఇద్దరు రాని రోజు ఆటే ఉండదు.
- అందరి ఫోన్లోనో కంప్యూటర్‌లోనో నడిచే ఒకే గేమ్, ఒకే వెర్షన్.
- సెకనుకి 60 ఫ్రేములు తీసే స్క్రీన్ రికార్డింగ్.
- వాట్సాప్ గ్రూప్. ఇరవై మంది దాటితే డిస్కార్డ్‌కి మారొచ్చు, మొదటి సీజన్‌కి అవసరం లేదు.
- అందరూ చూడగలిగే, ఒక్కరే మార్చగలిగే గూగుల్ షీట్.
- ఆ వారం రేసులో లేని ఒక రిఫరీ. వారానికొకరు చొప్పున వంతులు వేసుకోండి.

1. గేమ్ ఎంచుకోండి, మూడు పరీక్షలు పెట్టండి

ఫోన్లో అయితే సీఎస్ఆర్ రేసింగ్ 2, నో లిమిట్ డ్రాగ్ రేసింగ్ 2 లాంటివి ఉన్నాయి. కంప్యూటర్, కన్సోల్ ఉన్నవాళ్లకి ఫోర్జా హొరైజన్ 5లో డ్రాగ్ స్ట్రిప్ ఉంది. నన్నడిగితే గ్రాఫిక్స్ చూసి ఎంచుకోవద్దు. మీ గ్రూపులో అన్నిటికంటే పాత ఫోన్ ఎవరిదో వాళ్ల ఫోన్లో సాఫీగా నడిచే గేమే మీ గేమ్.

ఎంచుకున్నాక ఇద్దరు ఒకే టేబుల్ దగ్గర పక్కపక్కనే కూర్చుని ఈ మూడూ చేసి చూడండి. గంట కూడా పట్టదు. దీన్ని దాటేసినవాళ్లే తర్వాత గొడవలు పడతారు.

మొదటిది, ఎదుటివాడు నిజంగా ఉన్నాడా అన్నది. ఇద్దరూ రేసు మొదలుపెట్టండి. మధ్యలో ఒకరు యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేయండి. రెండో ఫోన్లో కూడా ఆ కారు నెమ్మదిస్తే అది ప్రత్యక్ష రేసు. అది ఆగకుండా దూసుకుపోతూ ఉంటే ఆ గేమ్ మీకు చూపిస్తున్నది పాత పరుగు రికార్డింగ్ మాత్రమే. ఆ మోడ్ ముఖాముఖి రేసులకి పనికిరాదు. అయితే 4వ స్టెప్‌లో చెప్పే డయల్-ఇన్ పద్ధతికి పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ ఎవరి పరుగు వాళ్లదే.

రెండోది, గడియారం ఎప్పుడు మొదలవుతుందన్నది. మామూలుగా ఒక పరుగు తీసి టైమ్ రాసుకోండి. రెండో పరుగులో గ్రీన్ లైట్ వెలిగాక రెండు సెకన్లు ఊరికే ఉండి, అప్పుడు బయల్దేరండి. టైమ్ దాదాపు రెండు సెకన్లు పెరిగితే గడియారం గ్రీన్ నుంచి నడుస్తోంది, అంటే మీ రియాక్షన్ టైమ్ అందులోనే కలిసి ఉంది. టైమ్ పెరగకపోతే కారు కదిలినప్పటి నుంచే లెక్క. నిజమైన డ్రాగ్ రేసింగ్‌లో ఈ రెండో రకమే. రియాక్షన్ టైమ్ వేరు, ట్రాక్ మీద పరుగు పూర్తయ్యే ఎలాప్స్‌డ్ టైమ్ వేరు. మనం మొదటిదాన్ని ఆర్‌టీ అని, రెండోదాన్ని ఈటీ అని అనుకుందాం. మీ గేమ్ ఏ రకమో తెలియకుండా రెండూ కూడితే ఆర్‌టీ రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. మా రెండో సీజన్‌లో మొదటి వారం మేం చేసిన తప్పు ఇదే. ఆ వారం ఫలితాలన్నీ మళ్లీ లెక్కకట్టాల్సి వచ్చింది.

మూడోది రికార్డింగ్ పరీక్ష. ఒక పరుగు రికార్డ్ చేసి, కారు కదిలిన క్షణం నుంచి (గడియారం గ్రీన్ నుంచి నడిచే గేమ్ అయితే గ్రీన్ వెలిగినప్పటి నుంచి) ఫినిష్ గీత దాకా వీడియోలో ఎంత సేపు పట్టిందో చూడండి. గేమ్ చూపిన టైమ్‌కి దగ్గరగా ఉండాలి. బాగా తేడా ఉంటే ఆ ఫోన్ ఫ్రేములు వదిలేస్తూ ఉండొచ్చు. బ్యాటరీ సేవర్ ఆపి, వెనక నడుస్తున్న యాప్‌లు మూసి మళ్లీ చూడండి.

2. రేసు రాత్రి ఏదో తేల్చండి

శుక్రవారం వద్దు. ఆ రాత్రి సగం మంది మడివాళలోనో సిల్క్ బోర్డులోనో ఊరి బస్సు కోసం నిలబడి ఉంటారు. ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణం. బస్సులో సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది, అక్కడి నుంచి ఆడతానన్నవాళ్ల వల్ల మిగతా అందరూ ఆగాలి. మాకు కుదిరింది బుధవారం రాత్రి 9:30. ఎనిమిదికి అయితే పీజీ వైఫై మీద అందరూ సినిమాలు చూస్తుంటారు. అమెరికా షిఫ్టు వాళ్లుంటే వాళ్లకి శనివారం మధ్యాహ్నం ఒక ప్రత్యామ్నాయ స్లాట్ ఇవ్వండి, కానీ నెలకి ఒక్కసారే. అడిగినప్పుడల్లా ఇస్తే లీగ్‌కి పద్ధతంటూ ఉండదు.

3. ఏ పద్ధతిలో పోటీ? ఇక్కడ తొందరపడొద్దు

రెండు దారులున్నాయి. మొదటిది ముఖాముఖి: ఇద్దరూ ఒకేసారి బయల్దేరతారు, ముందు గీత దాటినవాళ్లు గెలుస్తారు. దీనికి కార్లు సమానంగా ఉండాలి. ఫోర్జాలో అయితే క్లాస్ పరిమితి పెట్టొచ్చు, ఉదాహరణకి 'A' క్లాస్, అంటే గేమ్ కారుకిచ్చే రేటింగ్ 800 దాటకూడదని. ఫోన్ గేముల్లో అందరూ ఒకే కారు, ఒకే అప్‌గ్రేడ్లు వాడాలన్న రూల్ పెట్టండి. కొత్త అకౌంట్ తెరిచినవాళ్లకి కూడా వారంలోపు దొరికే కారే ఎంచుకోండి.

రెండోది డయల్-ఇన్ పద్ధతి. దీన్నే బ్రాకెట్ రేసింగ్ అంటారు. అమెరికాలో మామూలు ఉద్యోగస్తులు తమ సొంత కార్లతో పోటీపడేది ఎక్కువగా ఈ పద్ధతిలోనే. ప్రతి ఒక్కరూ రేసుకి ముందే "నా కారు ఇన్ని సెకన్లలో వెళ్తుంది" అని ప్రకటిస్తారు. ఆ మాటకి ఎవరు ఎక్కువ దగ్గరగా ఉన్నారో, లైట్ దగ్గర ఎవరు చురుగ్గా కదిలారో వాళ్లే విజేత. కారు ఎంత వేగంగా వెళ్లిందన్నది లెక్కలోకి రాదు.

నేను గట్టిగా చెప్పేది ఇదే: మీ గ్రూపులో కొందరు గేమ్ మీద డబ్బు ఖర్చు పెట్టినవాళ్లు, కొందరు ఒక్క రూపాయి కూడా పెట్టనివాళ్లు ఉంటే డయల్-ఇన్ తప్ప వేరే దారి వద్దు. ముఖాముఖిలో ఖరీదైన కారున్నవాడు రెండో వారానికే పైకి వెళ్లి కూర్చుంటాడు, మిగతావాళ్లకి ఆసక్తి పోతుంది. డయల్-ఇన్‌లో మొదటి రోజు ఇచ్చే చిన్న కారుతో కూడా సీజన్ గెలవొచ్చు. మా రెండో సీజన్ గెలిచిన తమ్ముడి కారు పన్నెండు మందిలో పదో స్థానం వేగానిది.

4. డయల్-ఇన్ లెక్క

నిజమైన డయల్-ఇన్ రేసులో నెమ్మది కారుని ముందు వదులుతారు. చాలా గేముల్లో ఆ ఏర్పాటు ఉండదు. ఫర్వాలేదు, రేసయ్యాక లెక్క కట్టొచ్చు. ఈటీలోంచి డయల్-ఇన్ తీసేయండి, దానికి ఆర్‌టీ కలపండి. ఎవరి మొత్తం తక్కువో వాళ్లది గెలుపు.

ఒక ఉదాహరణ. చిన్న కారు డయల్-ఇన్ 11.50. ఈటీ 11.56, ఆర్‌టీ 0.120. మొత్తం 0.06 + 0.120 = 0.180. పెద్ద కారు డయల్-ఇన్ 10.20. ఈటీ 10.22, ఆర్‌టీ 0.205. మొత్తం 0.02 + 0.205 = 0.225. ట్రాక్ మీద పెద్ద కారు సెకనుకి పైగా వేగం. తన మాటకి కూడా అదే దగ్గరగా ఉంది. అయినా గెలిచింది చిన్న కారు, 0.045 సెకన్ల తేడాతో. లైట్ దగ్గర పోగొట్టుకున్నది ట్రాక్ మీద తిరిగి రాలేదు.

మీ గేమ్ గడియారం గ్రీన్ నుంచే నడిచే రకమైతే ఆర్‌టీ కలపకండి, గేమ్ టైమ్ లోంచి డయల్-ఇన్ తీసేస్తే చాలు. కాకపోతే డయల్-ఇన్ దాటి వేగంగా వెళ్లారో లేదో చూడాలంటే మాత్రం వీడియోలో ఆర్‌టీ చూసి, దాన్ని గేమ్ టైమ్ లోంచి తీసి అసలు ఈటీ తెలుసుకోవాలి.

మూడు కఠినమైన రూల్స్ ఉన్నాయి, వీటిలో మొహమాటం వద్దు.

- బ్రేకవుట్: చెప్పిన టైమ్ కంటే వేగంగా వెళ్తే ఓటమి. ఇది లేకపోతే 11.50 కారుకి 12.50 అని ప్రకటించి అందరూ గెలిచేస్తారు. ఇద్దరూ బ్రేకవుట్ అయితే తక్కువ తేడాతో దాటినవాళ్లు గెలుస్తారు.
- రెడ్ లైట్: గ్రీన్ రాకముందే కదిలితే ఓటమి. ఒకరు రెడ్ లైట్, ఇంకొకరు బ్రేకవుట్ అయితే ఓడేది రెడ్ లైట్ వాళ్లే.
- ప్రకటన: డయల్-ఇన్ గ్రూపులో మెసేజ్‌గా పెట్టాలి, రేసుకి ముందే. ఎడిట్ చేసిన మెసేజ్ చెల్లదు. మార్చుకోవాలంటే కొత్త మెసేజ్ పెట్టాలి.

గీత దగ్గరికి వచ్చాక బ్రేకవుట్ అవుతుందేమోనని బ్రేక్ వేయడం మోసం కాదు. నిజమైన రేసుల్లోనూ వేస్తారు. దీని గురించి ప్రతి సీజన్‌లో ఎవరో ఒకరు పేచీ పెడతారు, అందుకే ముందే రాసిపెట్టండి.

5. రియాక్షన్ టైమ్ చూడటం

కొన్ని గేములు ఆర్‌టీ చూపిస్తాయి. చూపించకపోతే వీడియోలోంచి తీయాలి. రికార్డింగ్‌ని కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరవండి. కీబోర్డ్ మీద ఇంగ్లిష్ ఐదో అక్షరం నొక్కితే ఒక్కో ఫ్రేము ముందుకు జరుగుతుంది. గ్రీన్ వెలిగిన మొదటి ఫ్రేము దగ్గర ఆపండి. అక్కడి నుంచి నొక్కుతూ లెక్కపెట్టండి. టైరు కొంచెమైనా తిరిగిన, లేదా ముందు బంపర్ పిక్సెల్ అయినా జరిగిన ఫ్రేము దాకా. 60 ఫ్రేముల వీడియోలో ఒక్కో ఫ్రేము సుమారు 0.017 సెకన్లు. తొమ్మిది ఫ్రేములైతే 0.150.

అంటే ఈ కొలతకి ఒక ఫ్రేము అటూ ఇటూ తేడా ఉంటుంది. అందుకే ఇద్దరి మొత్తాల మధ్య తేడా 0.02 లోపు ఉంటే ఎవరినీ విజేత అనొద్దు, రేసు మళ్లీ పెట్టండి. 30 ఫ్రేముల రికార్డింగ్ అయితే ఒక్కో ఫ్రేము 0.033. అది ఒప్పుకోవద్దు.

ఆర్‌టీ 0.03 వచ్చిందని వెంటనే "చీటింగ్" అనకండి. లైట్ల వరుసని క్రిస్మస్ ట్రీ అంటారు. నిజమైన రేసుల్లో ఒక రకం ట్రీలో మూడు పసుపు లైట్లు అర సెకను తేడాతో ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి, ఆఖరిదాని తర్వాత అర సెకనుకి గ్రీన్. ఇంకో రకంలో మూడూ ఒకేసారి వెలిగి 0.4 సెకన్లకి గ్రీన్ వస్తుంది. సాధన ఉన్నవాళ్లు గ్రీన్ కోసం ఆగరు, ఆఖరి పసుపు లైట్ చూసే కదులుతారు. మీ గేమ్ ట్రీ ఏ రకమో చూసి అందరికీ చెప్పండి, కొత్తవాళ్లు వెనకబడకుండా ఉంటారు. వరుసగా ఐదారు పరుగులు 0.01 లోపే వస్తుంటే మాత్రం చేతులు కనిపించేలా ఇంకో ఫోన్‌తో వీడియో తీయమని మర్యాదగా అడగండి.

6. నెట్, ఫోన్ సరిచూడండి

పింగ్ (సిగ్నల్ సర్వర్ దాకా వెళ్లి రావడానికి పట్టే సమయం, మిల్లీసెకన్లలో) ఎంత ఉందన్నదానికంటే అది నిలకడగా ఉందా లేదా అన్నది ముఖ్యం. 70 దగ్గర నిలిచి ఉన్న నెట్, 30కీ 200కీ మధ్య ఊగే నెట్ కంటే చాలా నయం. పీజీ వైఫై ఊగుతుంటే మొబైల్ డేటాకి మారండి. ఒకే రూమ్‌లో ఇద్దరు ఆడుతుంటే మిగతా ఫోన్లలో డౌన్‌లోడ్లు ఆపించండి.

ఇంకోటి, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు తీసేయండి. శబ్దం ఆలస్యంగా వస్తుంది, ఇంజిన్ చప్పుడు విని గేర్ మార్చేవాళ్లకి ప్రతి షిఫ్టూ ఆలస్యమే. మా దగ్గర ఒకతను కారు ట్యూనింగ్ మారుస్తూ రెండు వారాలు కష్టపడ్డాడు. వైరు ఇయర్‌ఫోన్ పెట్టుకున్న రోజే టైమ్ కుదిరింది.

7. డ్రా వేయండి

ప్రతి బుధవారం ముందు ఇరవై నిమిషాలు క్వాలిఫయింగ్. డయల్-ఇన్ లీగ్‌లో వేగాన్ని బట్టి కాదు, ఉత్తమ ఆర్‌టీని బట్టి ర్యాంకులు ఇవ్వండి. ఎనిమిది మంది ఉంటే ఒక వైపు 1వ ర్యాంకుకి 8, 4కి 5, రెండో వైపు 2కి 7, 3కి 6 ఎదురు. అప్పుడు మొదటి ఇద్దరూ ఫైనల్‌లోనే ఎదురవుతారు. పదకొండు మంది ఉంటే పదహారు మంది డ్రా వేసి, మొదటి ఐదుగురికి బై ఇవ్వండి, అంటే వాళ్లు మొదటి రౌండ్ ఆడకుండానే రెండో రౌండ్‌కి వెళ్తారు.

ప్రతి జంటకి మూడు పరుగులు, రెండు గెలిచినవాళ్లు ముందుకి. ఒక్కో మ్యాచ్‌కి ఎనిమిది నిమిషాలు అనుకోండి. పన్నెండు మందికి పదకొండు మ్యాచ్‌లు. రెండు లాబీలు (గేమ్‌లో విడివిడి రేసు గదులు) ఒకేసారి నడిపితే క్వాలిఫయింగ్‌తో కలిపి గంటా పావులోపు అయిపోతుంది.

"అందరూ అందరితో ఆడాలి" అని కొందరు పట్టుబడతారు. పన్నెండు మందికి అది 66 మ్యాచ్‌లు. మొదటి సీజన్‌లో అంత పెట్టుకోవద్దు. కానీ మొదటి రౌండ్‌లో ఓడినవాళ్లు పది నిమిషాల్లో ఖాళీ అయిపోతారు, అక్కడే లీగ్ నుంచి మనుషులు జారిపోతారు. వాళ్లకి అదే రాత్రి ఇంకో చిన్న డ్రా నడపండి, దానికీ పాయింట్లు ఇవ్వండి. మేం వచ్చినందుకు 5, పెద్ద డ్రాలో మ్యాచ్ గెలుపుకి 10, చిన్న డ్రాలో 4, ఆ రాత్రి ఉత్తమ ఆర్‌టీకి 3 పెట్టుకున్నాం. ఆరు వారాల సీజన్ చాలు.

8. ఫలితం ప్రకటించడం

రేసయ్యాక ఇద్దరూ ముందు ఫలితాల స్క్రీన్‌షాట్ పెట్టాలి. పూర్తి వీడియో రిఫరీ అడిగితేనే పంపాలి, కానీ ఆ వారం ముగిసేదాకా తుడిచేయకూడదు. రికార్డింగ్ లేని పరుగు మీద వివాదం వస్తే నిర్ణయం రికార్డింగ్ ఉన్నవాళ్ల వైపే. మధ్యలో నెట్ పోతే మొదటిసారి మళ్లీ పరుగు, అదే మ్యాచ్‌లో రెండోసారి పోతే ఆ పరుగు పోయినట్టే. అభ్యంతరం చెప్పడానికి మరుసటి రోజు రాత్రి 10 దాకా గడువు. ఆ తర్వాత షీట్‌లో అంకె మారదు, ఎంత దగ్గరి స్నేహితుడు అడిగినా.

షీట్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి తేలిక మార్గం ఒకటుంది. రిఫరీ కాని ఇంకొకరు ప్రతి వారం ఏవో రెండు రేసులు తీసుకుని, వీడియో నుంచి మొదలుపెట్టి మళ్లీ లెక్కకట్టాలి. రెండు లెక్కలూ 0.02 లోపు కలిస్తే నిశ్చింతగా ఉండొచ్చు. కలవకపోతే ఆ వారం అన్ని రేసులూ చూడాలి.

డబ్బు, రోడ్డు: ఈ రెండూ వద్దు

ఎంట్రీ ఫీజు పోగేసి గెలిచినవాడికి ఇచ్చే ఆలోచన మానుకోండి. డబ్బు పందెంగా పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. పైగా వంద రూపాయలు మధ్యలోకి వస్తే చాలు, స్నేహితుల మధ్య ప్రతి ఫ్రేమూ కోర్టు కేసవుతుంది. మేం విజేతకి ఆంధ్రా మెస్‌లో అరిటాకు భోజనం పెట్టించాం, అందరం వెళ్లి తిన్నాం.

ఇక రోడ్డు. గేమ్‌లో వచ్చిన ఊపుని బైకు మీద అవుటర్ రింగ్ రోడ్డులో చూపించిన కుర్రాణ్ని నేను ఆసుపత్రిలో చూశాను. మా రూల్స్‌లో మొదటి వాక్యం ఇదే: రోడ్డు మీద రేసు వీడియో గ్రూపులో పెట్టినవాళ్లు ఆ క్షణమే బయటికి. నిజంగా చూడాలనుంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో జాతీయ మోటార్‌సైకిల్ డ్రాగ్ రేసింగ్ పోటీలు జరుగుతుంటాయి. హెల్మెట్, సూట్, అంబులెన్స్, అధికారులు, అన్నీ ఉండే చోటది.

ఈ వారమే మొదలుపెట్టాలంటే

ఈ శనివారం ఇద్దరు కూర్చుని మూడు పరీక్షలూ చేయండి. ఆదివారం రూల్స్ ఒక పేజీలో రాసి గ్రూపులో పెట్టండి, ఒక్కొక్కరూ "చదివాను, ఒప్పుకుంటున్నాను" అని జవాబు ఇవ్వాలి, బొటనవేలు ఎమోజీ చాలదు. వచ్చే బుధవారం పాయింట్లు లేని రాత్రి పెట్టుకోండి: అందరూ అంచనాగా ఒక డయల్-ఇన్ ప్రకటించి, ఐదేసి పరుగులు తీసి, రికార్డింగ్ పంపాలి. ఐదింటిలో అన్నిటికంటే వేగమైన ఈటీ మీద 0.03 కలిపితే కొత్తవాళ్లకి సరిపోయే మొదటి డయల్-ఇన్ వస్తుంది. ఐదు పరుగుల మధ్య తేడా 0.20 దాటితే ఇంకా కారుకి అలవాటు పడలేదని అర్థం, వాళ్లని అదే ట్యూనింగ్ మీద ఇంకో ఇరవై పరుగులు తీయమనండి. లెక్కకి వచ్చే మొదటి రేసు ఆ పై బుధవారం 9:30కి పెట్టండి.